పది సెంటీమీటర్ల గడి

మా తోటికోడలి సంచిలో అద్దం ఉండదు, దువ్వెన ఉండదు. టేపు ఉంటుంది. బట్టలు కొలిచే పసుపు టేపు. వాడి వాడి మొదటి నాలుగు సెంటీమీటర్ల అంకెలు చెరిగిపోయాయి. "మార్చరాదటే" అంటే, "మొదటి నాలుగూ నాకు నోటికొచ్చు అక్కా, తర్వాతవి కనబడితే చాలు" అంటుంది.

ఆమె మా ఇంట్లో అడుగుపెట్టి పంతొమ్మిదేళ్ళు. వచ్చిన వారం లోపలే ఒకరోజు వంటింట్లోకి వచ్చి, నేను గూట్లోంచి డబ్బా తీస్తుంటే గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. తర్వాత టేపు తీసి నేల నుంచి గూటి దాకా కొలిచింది. ఆ వెంటనే నన్ను గోడకు ఆనించి నిలబెట్టి నన్నూ కొలిచింది.

"ఇదేం పనే, కొత్తకోడలు వచ్చి పాతకోడలికి కొలతలు తీయడం?" అన్నాను.

"గూడు ఏడు సెంటీమీటర్లు ఎత్తుగా ఉందక్కా. నువ్వు రోజూ మునివేళ్ళ మీద నిలబడుతున్నావు."

పదకొండేళ్ళుగా ఆ గూట్లోంచి డబ్బాలు తీస్తున్నాను. మునివేళ్ళ మీద నిలబడుతున్నట్టు నాకే తెలియదు. సాయంత్రం ఆమె భర్త, అంటే మా మరిది, మేకులు పీకి గూడు కిందికి దింపాడు. మా ఆయన అది చూసి నవ్వి, "వచ్చిందమ్మా మన ఇంటికి కొలతలమ్మ" అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. వీధిలో సగంమందికి ఆమె అసలు పేరు తెలియదు.

చదువు పదో తరగతి. పద్దెనిమిదో ఏట బట్టల ఫ్యాక్టరీలో చేరింది, కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో. రోజుకు తొమ్మిది వందల చొక్కాలు. దారాలు కత్తిరిస్తూనే పక్క బల్ల మీద కటింగ్ మాస్టారు కాగితం మీద చొక్కా ముక్కలు గీస్తుంటే కళ్ళతోనే నేర్చుకుంది. మాస్టారు నోటికి తాళం వేసుకున్న మనిషి, ఎవరికీ ఏమీ చెప్పడు. "చెప్పకపోతేనేం, చెయ్యి దాచుకోలేడు కదా" అంటుంది. ఆరేళ్ళ తర్వాత ఒకరోజు ఆయన గీసిన చంక వంపు చూసి, "మాస్టారూ, ఇది అర సెంటీమీటరు పోయిందేమో" అంది. ఆయన కోపంగా కొలిచి, పెన్సిలు ఆమె చేతికిచ్చాడట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా పెన్సిలు దగ్గరకొచ్చేసరికి గొంతు కొంచెం తగ్గిస్తుంది.

ఆరేళ్ళ కిందట ఫ్యాక్టరీ మూసేశారు. పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కుని, మేడ మీద ముందుగదిలో మిషను పెట్టుకుని, వీడియోలు చూసి కంప్యూటరులో గీతలు గీయడం నేర్చుకుంది. చొక్కా ముక్కల్ని పెన్సిలుతో కాక తెరమీద గీస్తే చిన్న సైజూ పెద్ద సైజూ దానంతట అదే మారుతుంది. అయితే తెర మీదున్నది గుడ్డ మీదికి రావాలంటే కాగితం కావాలి. మామూలు కాగితాలు పద్దెనిమిదింటి మీద ముక్కలు ముక్కలుగా అచ్చువేసి, వాటిని పక్కపక్కనే అతికించి, ఆ గీత వెంట కత్తిరించాలి. అందుకు ప్రింటర్ కావాలి. ప్రింటర్ మా కింద వీధిగదిలో ఉంది.

మా ఆయన అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు పేజీలు కట్టిన మనిషి. పని మానేశాక కూడా కాగితం వాసన లేకుండా ఉండలేక ఒక నల్ల ప్రింటర్, ఒక కంప్యూటరు పెట్టుకున్నారు. ప్రింటరుకు తీగ ఆ ఒక్క కంప్యూటరుకే ఉంది. మేడ మీద కొలతలమ్మ లాప్‌టాప్‌కూ దానికీ మధ్య ఏ తీగా లేదు. అయినా పైన నొక్కితే కింద కాగితం వచ్చేట్టు ఆయన ఒక ఆదివారమంతా కూర్చుని కలిపారు. నాకు వింతగా ఉండి అడిగాను.

"మరేం లేదు. నువ్వు వంటింట్లోంచి నాకు కేకేస్తావు, నేను వీధిగదిలోంచి పాలవాడికి చెబుతాను. పాలవాడికి నీ గొంతు వినబడదు, నా గొంతే వినబడుతుంది. పైనున్న లాప్‌టాప్ నువ్వు, కిందున్న కంప్యూటరు నేను, ఈ ప్రింటరు పాలవాడు. కేక వెళ్ళే దారి, అదిగో, ఆ వైఫై డబ్బా."

"మరి మీరు నిద్రపోతే?"

"పాలు లేవు" అన్నారు.

అలా నాలుగేళ్ళు నడిచింది. పైన ఆమె నొక్కేది. కింద ప్రింటరు గుర్రుమని లేచేది. మొదటి కాగితం రాగానే ఆయన దాన్ని బల్ల మీద పరిచి స్టీలు స్కేలు పెట్టేవారు. ఆ కాగితం మూల ఒక చిన్న గడి గీసి ఉంటుంది, సరిగ్గా పది సెంటీమీటర్లు. గడి పది ఉంటే మిగతా కాగితాలన్నీ సరిగ్గా పడ్డట్టు లెక్క. లేకపోతే చొక్కా మొత్తం తప్పు. ఆయన నిలువునా కొలిచేవారు, అడ్డంగా కొలిచేవారు, ఎర్ర పెన్సిలుతో గడిలో టిక్కు పెట్టేవారు. అప్పుడు మెట్ల దగ్గరికి వచ్చి, "కొలతలమ్మా, పడింది!" అని కేకేసేవారు. ఆమె రెండేసి మెట్లు దిగుతూ వచ్చేది.

ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పుడు మాకు తెలిసొచ్చింది, మనిషికి అన్నం తినిపించడం కన్నా చొక్కా తొడగడం కష్టమని. లేవని చేతిని చొక్కా చేతిలోకి దూర్చేసరికి ఆయనకు నొప్పి, నాకు ఏడుపు. రెండు రోజులు కొలతలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. మూడోరోజు టేపు తీసుకొచ్చింది.

"బావగారూ, నేనొక చొక్కా కుడతాను. మీరు చెయ్యి ఎత్తక్కర్లేదు. చొక్కాయే మీ దగ్గరికొస్తుంది."

"చొక్కాకి కాళ్ళు పెడతావా?"

"తలుపులు పెడతాను."

నిజంగానే తలుపులు పెట్టింది. భుజం మీద నుంచి మణికట్టు దాకా ఒక పక్కంతా తెరుచుకుంటుంది. చిన్నపిల్లల బూట్లకుండే చర్రుమనే పట్టీలతో మూసుకుంటుంది. చెయ్యి ఒడిలో ఉంచుకుని కూర్చుంటే చాలు, గుడ్డను చుట్టూ వేసి అతికించడమే. ఆ చొక్కా కాగితాలు కూడా ఆయన ప్రింటర్లోనే పడ్డాయి. ఎడమచేత్తో స్కేలు పెట్టి గడి కొలిచి, ఎడమచేత్తోనే టిక్కు పెట్టారు. ఎర్ర పెన్సిలు దొర్లి పడిపోతుంటే ఎత్తుకోలేక, దానికి దారం కట్టించి బల్ల కాలికి కట్టించుకున్నారు.

పది నెలలు ఆ చొక్కాలే వేసుకున్నారు. తర్వాత ఆస్పత్రి. తర్వాత, ఇక లేరు.

ఆస్పత్రికి వెళ్ళిన రోజు కంప్యూటరు ఆపలేదు. అన్నీ అయ్యాక వీధిగదిలోకి వెళితే దాని చిన్న దీపం ఇంకా మినుకుమినుకుమంటూనే ఉంది. గోడ దగ్గర స్విచ్చి ఆపాను. తలుపుకు తాళం వేసి, తాళంచెవి గుండీల డబ్బాలో పడేశాను. ఆ గదిని చూడలేకపోవడం ఒకటే కాదు. ప్రింటరు గుర్రుమంటే ఆయన కేక వినబడాలి. కేక లేని ఆ చప్పుడు నేను వినలేను. ఆ మాట ఒకసారి కొలతలమ్మతో అన్నాను. ఆమె "ఊఁ" అంది.

రెండు నెలలయ్యాక, ఆయనకు వ్యాయామం చేయించడానికి వచ్చిన డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆమె పనిచేసే సెంటరులో చేతులు లేవనివాళ్ళు నలభైమంది దాకా ఉన్నారట. ఆ తలుపుల చొక్కా అందరికీ కావాలట. "ముందు ఒకటి కుట్టి ఇవ్వండి, మా పెద్దమేడమ్‌కి నచ్చితే మూడు సైజుల్లో నెలనెలా పని ఉంటుంది" అంది.

కొలతలమ్మకు అది ఎలాంటి సమయమో చెప్పాలి. జిప్పులు మార్చడం, అంచులు మడవడం తప్ప ఏడాదిగా సరైన పని లేదు. ఊరిచివర గోడౌన్‌లో పెట్టెలు కట్టే ఉద్యోగం ఉందని ఎవరో చెబితే వెళ్ళి మాట్లాడి వచ్చింది. రోజుకు పది గంటలు నిలబడి పెట్టెలకు టేపు వేయాలి. "చూడక్కా, అక్కడా టేపే. కాకపోతే అంకెలుండవు" అని నవ్వింది కానీ, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని మరిది చెప్పాడు. గోడౌన్‌వాళ్ళు శనివారానికి అవునో కాదో చెప్పమన్నారు. సెంటరువాళ్ళు చొక్కా చూసేది అదే వారం. అక్కడ పని దొరికితే పెన్సిలు చేతిలో ఉంటుంది. లేకపోతే పెట్టెలు.

సోమవారం చొక్కా పట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికే తిరిగి వచ్చింది. సంచి నా ముందు పెట్టి కూర్చుంది.

"పట్టలేదక్కా."

"ఎవరికి?"

"ఒక పెద్దాయన. బస్సు డ్రైవరట ఒకప్పుడు. మంచి ఒడ్డూ పొడుగూ. పక్కన చుట్టి తెచ్చి అతికిద్దామంటే పట్టీ పట్టీకి అందలేదు. 'అమ్మాయ్, ఈ బండికి ఇరుకు సందు ఎందుకు చూపిస్తావు' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

"మళ్ళీ కుట్టు, దానికేముంది."

"పెద్దమేడమ్ శుక్రవారం దాకా చూస్తానంది."

మంగళవారం ఆమె మళ్ళీ కత్తిరించింది. కుట్టింది. మరిది ఒళ్ళు డ్రైవరుగారి ఒడ్డే కనుక, అతనికి వేసి చూసింది. మళ్ళీ ఇరుకే. కుట్లు విప్పి చూసింది. గుడ్డ ముడుచుకుందేమోనని తడిపి ఆరేసి చూసింది. చివరికి టేపు సాగిపోయిందేమోనని పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి కొత్త టేపు కొని, పాతదాన్ని పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే. బుధవారమంతా కాలుకాలిన పిల్లిలా మేడ మీద తిరుగుతూనే ఉంది, అడుగులు నాకు కింద వినబడుతున్నాయి.

సాయంత్రం మరిది దిగివచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. రోజంతా ఊళ్ళోవాళ్ళను పైకెక్కిస్తాడు, మా మెట్లు మాత్రం మోకాళ్ళు పట్టుకుని దిగుతాడు.

"వదినా, ఒక మాట. నేను చెప్పానని చెప్పకు."

"చెప్పు."

"అది 'నా చెయ్యి పోయింది' అంటోంది, పనితనం పోయిందని. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. రేపు గోడౌన్‌కి ఫోన్ చేసేస్తానంటోంది."

"ఒక్క చొక్కాకే?"

"మొదట్నించీ నాకు నచ్చలేదు వదినా. ఆ కాగితాలేవో సందు చివర షాపుకెళ్ళి తీయించుకొస్తోంది. ఒక ప్రింటరు కొని పైనే పెట్టుకుందామే అంటే వద్దంది."

"ఎందుకు వద్దంది?"

మరిది మెట్ల రెయిలింగు గోకుతూ నిలబడ్డాడు. "చప్పుడు కిందికి వినబడుతుందట" అన్నాడు.

మరిది "నేను చెప్పానని చెప్పకు" అని మళ్ళీ అని వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున టీ పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. చాలా రోజులయింది నేను ఆ మెట్లెక్కి. ముందుగదిలో నేలంతా కాగితాలు పరిచి ఉన్నాయి, అతికించి చొక్కా ఆకారంలో. ఆమె వాటి మధ్య గొంతుకూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తొక్కకు అక్కా."

"తొక్కనులే. టీ తాగు."

కప్పు అందుకోలేదు. "ఏ ముక్క కొలిచినా తెర మీద సరిగ్గానే ఉంది. కాగితం మీద గీత వెంటే కోశాను. కుట్టు సరిగ్గానే ఉంది. ఇంకెక్కడ పోతోంది? అర సెంటీమీటరు తేడా కళ్ళతో చెప్పేదాన్ని."

నేను ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. గీతలూ సైజులూ నాకు తెలియవు. కానీ నాలుగేళ్ళు వంటింటి గుమ్మంలోంచి ఒకటే దృశ్యం చూశాను కదా. ఆ నేల మీది కాగితాల్లో ఏదో లేదనిపించింది. ఏం లేదో కాసేపటికి గాని తోచలేదు. ఎరుపు లేదు. మూలనున్న గడి ఖాళీగా ఉంది.

"గడి కొలిచావా?" అన్నాను.

"బావగారు కొలుస్తా..."

అక్కడే ఆగిపోయింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తాకినదల్లా కొలిచే మనిషి, నన్నూ గూటినీ కూడా కొలిచిన మనిషి, ఆ ఒక్క గడిని నాలుగేళ్ళలో ఒక్కసారీ కొలవలేదు. అది ఆయన పని. ఆయన టిక్కు పెట్టి ఇచ్చేవారు, ఆమె కత్తిరించేది. దీపం కింద చీకటి అంటారే, అలా.

ఆమె మెల్లగా టేపు తీసి గడి మీద పెట్టింది. వంగి చూసింది. ఇంకా వంగింది.

"తొమ్మిది పాయింట్ ఆరు" అంది. "అక్కా, తొమ్మిది పాయింట్ ఆరు!"

"అంటే?"

"పదికి నాలుగు మిల్లీమీటర్లు మింగేసింది. ఛాతీ నూట పన్నెండుకి..." వేళ్ళు మడిచింది. "నాలుగున్నర సెంటీమీటర్లు. డ్రైవరుగారికి పట్టీ అందనిది సరిగ్గా అంతే."

షాపులో తప్పేమీ లేదు. ఎవరి అప్లికేషనూ ఎవరి ఫోటోలూ అంచుల్లో తెగకూడదని వాళ్ళు ప్రతి కాగితాన్నీ కొంచెం కుదించి తీస్తారట. అందరికీ అది మేలే. చొక్కాకు మాత్రం కాదు.

"నా చెయ్యి పోలేదక్కా" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. టీ కప్పు తీసుకుని చల్లారిపోయిన టీ గటగటా తాగేసింది. "ఉండు, ఇప్పుడే షాపుకెళ్ళి, కుదించకుండా ఉన్నది ఉన్నట్టు తీయమంటాను."

చెప్పులు వేసుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"షాపెందుకు? ఇంట్లో ఉందిగా."

ఆమె ఒక చెప్పుతోనే ఆగింది. "వద్దక్కా. పది నిమిషాల పని. వెళ్ళొచ్చేస్తా."

"గూడు ఏడు సెంటీమీటర్లు దింపడానికి నన్ను అడిగావా? పద."

గుండీల డబ్బాలో తాళంచెవి వెంటనే దొరకలేదు. డబ్బా బోర్లించాం. గుండీలు వంటింటి నేలంతా దొర్లాయి. ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ వెతికాం. "అక్కా, మనల్ని ఎవరైనా చూస్తే గోలీలాట అనుకుంటారు" అంది. చివరికి నా కాలికిందే ఉంది.

గదిలో దుమ్ము వాసన. కుర్చీలో ఆయన దిండు నొక్కుకుపోయినట్టే ఉంది. ఎర్ర పెన్సిలు దారానికి వేలాడుతోంది. కాసేపు నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆమె గుమ్మంలోనే ఉండిపోయింది, నేను పిలిచేదాకా లోపలికి రాలేదు.

గోడ స్విచ్చి వేశాను. కంప్యూటరు మీది గుండ్రటి మీట నొక్కాను. రహస్యపదం అడుగుతుందేమోనని భయపడ్డాను, అడగలేదు. "మన ఇంట్లో దొంగలకు పనికొచ్చేది నా దగ్గు ఒక్కటే" అనేవారు ఆయన. తెర వెలిగింది. ప్రింటరు మీద పచ్చ దీపం వచ్చింది.

"నువ్వు పైకెళ్ళి నొక్కు" అన్నాను.

ఆమె ఇంకా కదలనే లేదు. ప్రింటరు గుర్రుమంది. మేము ఏమీ నొక్కకుండానే కాగితం ఒకటి నెమ్మదిగా బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

"అమ్మో!" అని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాగితాలు వస్తూనే ఉన్నాయి. చొక్కా వీపు, చొక్కా చెయ్యి, గల్లా. పద్దెనిమిది అయ్యాయి, ఆగుతుందనుకుంటే మళ్ళీ మొదటి నుంచీ మొదలైంది. ఎలా ఆపాలో ఇద్దరికీ తెలియదు. పళ్ళెం నిండి కాగితాలు నేల మీదికి జారుతుంటే ఇద్దరం ఏరుతున్నాం.

ఏరుతూ ఆమె ఒక కాగితం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇవి నావే" అంది. "డాక్టరమ్మ ఫోన్ చేసిన రోజువి."

ఆ రోజు సంతోషంలో పైన కూర్చుని గీసిందట. అలవాటు కొద్దీ నొక్కిందట. నొక్కి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడిందట, కేక వస్తుందని. రాలేదు. సరిగ్గా నొక్కలేదేమోనని వెనక్కి వెళ్ళి మళ్ళీ నొక్కి, మళ్ళీ వచ్చి నిలబడింది.

"మూడోసారి కూడా నొక్కి వచ్చానక్కా. అప్పుడు గుర్తొచ్చింది."

లాప్‌టాప్ మూత వేసి, షాపుకు వెళ్ళిందట. నొక్కినవి మాత్రం ఎక్కడికీ పోలేదు. కింద కంప్యూటరు లేచేదాకా పైన లాప్‌టాప్‌లోనే కాచుకుని ఉన్నాయి. ఇప్పుడు అది లేచేసరికి, పైన తెరిచి పెట్టిన లాప్‌టాప్ మూడుసార్ల కేకనూ ఒకేసారి వినిపించింది.

మూడో విడత సగంలో గీతలు వెలవెలబోయాయి. ఆయన ఏం చేసేవారో నాకు తెలుసు. ముందు మూత తెరిచి, పొడి ఉండే డబ్బా తీసి, పసిపిల్లను ఊపినట్టు అటూ ఇటూ నాలుగుసార్లు ఊపి మళ్ళీ పెట్టాను. గీతలు నల్లబడ్డాయి. కొలతలమ్మ ముక్కు మీద వేలేసుకుని చూసింది.

"నీకు ఇదంతా ఎప్పుడొచ్చింది?"

"చెప్పకపోతేనేం, చెయ్యి దాచుకోలేరు కదా" అన్నాను.

మొదటి విడతలోని మొదటి కాగితం బల్ల మీద పరిచాను. స్టీలు స్కేలు నిలువునా పెట్టాను. పది. అడ్డంగా పెట్టాను. పది. ఎర్ర పెన్సిలు పట్టుకుంటే దారం పొట్టిదై చెయ్యి గుంజింది. టిక్కు వంకరగా పడింది. ఆయన ఎడమచేత్తో పెట్టినదానికన్నా వంకర.

ఆమె పైకెళ్ళి గంటలో కత్తిరించేసింది. మధ్యాహ్నమంతా పైన మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. నేను కింద వీధిగది తలుపు తెరిచే ఉంచి, గుండీలు ఏరుకుంటూ కూర్చున్నాను.

శుక్రవారం నన్నూ రమ్మంది. "సంచి మోయడానికి" అంది. సంచిలో ఉన్నది ఒక్క చొక్కా.

డ్రైవరుగారు కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నారు. కొలతలమ్మను చూసి, "మళ్ళీ అదే సందుకా?" అన్నారు. ఆమె చొక్కా ఆయన ఒడిలో పెట్టింది. నర్సు తొడగబోతే ఆయన ఒప్పుకోలేదు. ఎడమచేత్తో గుడ్డను భుజం మీదికి లాక్కున్నారు. జారింది. మళ్ళీ లాక్కున్నారు. నర్సు ఉండబట్టలేక చెయ్యి చాచింది.

"హారన్ కొట్టకమ్మా. దారిస్తే నేనే వెళతా" అన్నారాయన.

కొలతలమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన భుజం మీది పట్టీ అతికించారు. తర్వాత మోచేతి దగ్గరది. తర్వాత పక్కది. పట్టీ పట్టీకి అంది, ఇంకా వేలు దూరేంత వదులు మిగిలింది. ఆయన ఆ వదులులో వేలు పెట్టి చూసుకుని, పక్కనున్న అద్దంలో మొహం చూసుకుని, "ఏడాదిన్నర అయింది నా చొక్కా నేను వేసుకుని" అన్నారు. ఆ తర్వాత పట్టీలన్నీ చర్రుచర్రుమని ఊడదీసి, మళ్ళీ మొదటి నుంచీ వేసుకోవడం మొదలుపెట్టారు.

పెద్దమేడమ్ చొక్కా కుట్లు తిరగేసి చూసి, ముందు పాతిక కుట్టమంది, మూడు సైజులూ కలిపి. బయటికి వచ్చాక వీధిలోనే నిలబడి కొలతలమ్మ గోడౌన్‌కి ఫోన్ చేసింది. "రాను" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, నువ్వు నడుస్తుంటే కుడివైపు ఒరుగుతున్నావు. ఆ చెప్పు అరిగింది చూడు" అంది.

షాపులో తీయించిన కాగితం, ఆ తొమ్మిది పాయింట్ ఆరు గడి ఉన్నది, మిషను ఎదురుగా గోడకు అతికించుకుంది. మరిది దాన్ని చూసినప్పుడల్లా, "ఇంట్లో ఏదైనా సైజు తగ్గిందంటే ఇదొక్కటే" అని తన పొట్ట నిమురుకుంటాడు.

ఇప్పుడు పొద్దున టీ అవగానే వీధిగదిలో కంప్యూటరు వేసి ఉంచుతాను. పైన ఆమె నొక్కుతుంది. గుర్రుమనగానే ఇప్పటికీ నా చేతిలో పని ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత వెళ్ళి గడి కొలుస్తాను, నిలువునా, అడ్డంగా. మొదట్లో నా కేక రెండో మెట్టు కూడా దాటేది కాదు. ఆమె పైనుంచి, "ఏమైనా అన్నావా అక్కా?" అనేది. ఇప్పుడు బాగానే వినబడుతోందంటుంది. ఆమె దిగివచ్చి, నేను టిక్కు పెట్టిన గడిని మళ్ళీ తన టేపుతో కొలుస్తుంది. "నా మీద నమ్మకం లేదా?" అంటే, "ఉంది, అందుకే రెండోసారితో ఆపేస్తున్నా" అంటుంది.

ఆ రోజు అనవసరంగా పడ్డ రెండు విడతల కాగితాలు, ముప్ఫై ఆరు, నా దగ్గరే ఉన్నాయి. పారేయబుద్ధి కాలేదు. వెనకవైపు తెల్లగానే ఉంది కదా. కొలతలమ్మ గురించి ఇదంతా రాసింది వాటి మీదే. ఇంకా ఇరవై ఒకటి మిగిలాయి. ఉండండి, పైన మిషను ఆగింది. ఆమె ఏదో నొక్కినట్టుంది.